పూర్వకవి స్తుతి, నా తొమ్మిదో అధ్యాయం

గత నెలలో ఒక ఆదివారం ఉదయం, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, నాకు ఎంతో ఇష్టమైన ఒక పెద్ద రచయిత కొత్త నవల మీద పత్రికలో వచ్చిన అర పేజీ ప్రశంస చదివాను. చదవడం పూర్తయ్యాక నా నవల తొమ్మిదో అధ్యాయం ఉన్న నోటుపుస్తకాన్ని తీసుకెళ్ళి బీరువాలో పాత కరెంటు బిల్లుల కింద పెట్టేశాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఆరేళ్ళుగా రాస్తున్నదాన్ని ఇరవై నిమిషాల్లో మూలకు నెట్టించగలిగిన శక్తి ఆ అర పేజీకి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలని ఇది రాస్తున్నాను. ఆ రచయిత పేరు చెప్పను. తప్పు ఆయనది కాదు, ఆ ప్రశంస రాసినవారిదీ కాదు.

నా నవల గురించి రెండు ముక్కలు ముందే చెప్పుకోవాలి. మా తాతయ్య ఏలూరు కాలువ మీద ఒక లాకు దగ్గర, అంటే పడవలు ఒక మట్టం నుంచి ఇంకొక మట్టానికి దాటే నీటి తలుపుల దగ్గర, లస్కరుగా పనిచేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకి వచ్చిన కాలువల్లో అదొకటి. గోదావరి వైపు నుంచి బెజవాడ దాకా ధాన్యమూ, సరుకులూ, మనుషులూ దాని మీద పడవల్లో ప్రయాణం చేసిన రోజులున్నాయి. రోడ్లు బాగుపడి లారీలు వచ్చాక ఆ పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డున పడ్డాయి. పడవ రాని లాకుకి కాపలా ఉంటూ, రోజూ గేజి రాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాసుకునే మనిషి కథ నాది. ఎనిమిది అధ్యాయాలు అయ్యాయి. తొమ్మిదోదానిలో ఆయనకీ, ఆ కాలువ మీద ఆఖరి పడవ నడిపిన సరంగుకీ మధ్య పెద్ద గొడవ జరగాలి. ఏడాదిన్నరగా అది జరుగుతూనే ఉంది.

ఇక ఆ ప్రశంస సంగతి. నవలలో ఒక్క వాక్యం కూడా అదనంగా లేదని రాశారు. తెరిస్తే ఏకబిగిన చదివించిగాని వదలదని రాశారు. పాత్రలు మన మధ్య తిరుగుతున్నట్టే ఉంటాయనీ, పేజీ పేజీకీ మట్టివాసన గుబాళిస్తుందనీ, ఇంత పెద్ద కథ ఆ కలం నుంచి అలవోకగా జాలువారిందనీ రాశారు. ఇందులో కొత్త మాట ఒక్కటీ లేదు. తెలుగులో సమీక్షలు చదివే అలవాటున్న ఎవరికీ కొత్తగా తోచదు. అయినా ఒక్కొక్క వాక్యమూ చదువుతుంటే అది ఆయనకిచ్చిన ప్రశంసాపత్రంలా గాక నా మీద దాఖలైన అభియోగపత్రంలా కనిపించింది. ఒక్క వాక్యమూ అదనంగా లేదట: నా రెండో అధ్యాయంలో వాన కురవడానికే మూడు పేజీలు పట్టింది. ఏకబిగిన చదివిస్తుందట: నా రాతప్రతిని మా తమ్ముడు రెండు సంక్రాంతులుగా చదువుతున్నాడు. అన్నిటికన్నా లోతుగా దిగింది 'అలవోకగా' అన్న మాట. బ్యాంకు నుంచి వచ్చి, అన్నం తిని, పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి కూర్చుని, పదకొండున్నర దాకా నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేసే మనిషికి ఆ ఒక్క మాట చాలు.

మన దగ్గర ప్రశంసకి ఉన్న ద్రవ్యోల్బణం నాకు తెలియనిది కాదు. అయిదు వందల కాపీలు అచ్చువేసుకున్న ప్రతి నవలా ముందుమాటలో ఒక మైలురాయి అవుతుంది. ఈ మైలురాళ్ళన్నీ నిజమైతే తెలుగు నవల ఈపాటికి కాశీ దాటి హిమాలయాలు ఎక్కుతూ ఉండాలి. ఇది తెలిసి కూడా బాధపడ్డానంటే, బాధకి కారణం ఆ మాటల నిజానిజాలు కాదన్నమాట. పైగా ఈ ప్రశంస నిజాయితీగా రాసినదే. ఆ నవల నిజంగానే గొప్పది. ఆ సంగతి నాకు ఎలా తెలుసంటే, ప్రశంస రావడానికి రెండు వారాల ముందే నేను నవల చదివాను.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. నవల చదివిన రాత్రి నేను కుంగిపోలేదు. పన్నెండున్నరకి పుస్తకం మూసి, నోటుపుస్తకం తెరిచి, ఒంటిగంటన్నర దాకా నాలుగు పేజీలు రాశాను. ఆరేళ్ళలో అంత పొడుగ్గా రాసిన రాత్రులు పది కూడా ఉండవు. అదే పుస్తకం గురించి ఎవరో రాసిన అర పేజీ చదివి రాత మానేశాను. పుస్తకం రాయించింది, పుస్తకం మీద పొగడ్త మాన్పించింది. నా శక్తి మీద నాకు కలిగిన సందేహం నిజంగా ఆయన ప్రతిభని చూసి కలిగినదే అయితే, అది నవల చదివిన రాత్రే కలగాలి కదా?

ఎవరింట్లోనో మంచి ఆవకాయ తింటే, వచ్చే వేసవికి మనమూ పెట్టాలనిపిస్తుంది. ముక్క ఎంత గట్టిగా ఉందో, ఆవపిండి ఘాటు ఎక్కడ ఆగిందో, నూనె ఎంత తేలిందో నాలుక లెక్క వేసుకుంటుంది. ఆవకాయ తినకుండా, ఆవిడ చేతి మహిమ గురించి అరగంట వింటే మాత్రం మన చేతులు మనకి నచ్చడం మానేస్తాయి. చేతి మహిమ అనే మాటలో ఆవపిండి కొలత ఉండదు. ఆ సమీక్షలోనూ కొలత లేదు. నవలలో మాత్రం అన్నీ ఉన్నాయి: ఎక్కడ కథ సాగదీశారో, ఎక్కడ తేలికగా తప్పించుకున్నారో, నూట ఎనభయ్యో పేజీ దగ్గర ఒక పాత్రని మరిచిపోయి ఎలా హడావిడిగా వెనక్కి తెచ్చారో, అన్నీ. చదువుతున్నంతసేపూ ఒక మనిషి పనిచేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. పొగడ్త ఆ చప్పుడు లేకుండా చేస్తుంది.

ఈ చప్పుడు లేకుండా చేయడానికి మన సాహిత్యంలో పెద్ద ఉదాహరణ ఉంది. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఇరవై తొమ్మిది రోజుల్లో రాశారని చెబుతారు. దాదాపు వెయ్యి పేజీల నవల. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన పోటీ కోసం 1934లో రాసినది. అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. నేను పదో తరగతిలో ఉండగా మా తెలుగు మాస్టారు ఈ ఇరవై తొమ్మిది రోజుల మాట చెప్పినప్పుడు తరగతి తరగతంతా నోరు తెరిచింది. తరువాత నవల రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ అంకె నా మెడలో గుదిబండలా ఉంది. ఆరేళ్ళు, ఎనిమిది అధ్యాయాలు. నా వేగంతో లెక్క వేసుకుంటే వేయిపడగలు పూర్తి చేయడానికి మూడు జన్మలు కావాలి.

ఆ అంకెని నేను కాదనడం లేదు. దాని చుట్టూ ఉన్నవాటిని కూడా చెప్పాలంటున్నాను. విశ్వనాథ 1895లో పుట్టారు. అంటే ఆ నవల నాటికి ఆయనకి నలభై దగ్గర పడుతున్నాయి. అప్పటికే ఏళ్ళ తరబడి పద్యమూ గేయమూ రాసి ఉన్నారు, 'ఏకవీర' లాంటి నవల రాసి ఉన్నారు. నవలలోని సుబ్బన్నపేట ఆయన ఆ నెలలో కల్పించుకున్న ఊరు కాదు, చిన్ననాటి నుంచి చూస్తూ వచ్చిన పల్లె జీవితమే పేరు మార్చుకుని అందులోకి వచ్చింది. ఇంకొక సంగతి, సాధారణంగా నోరు తెరిచేవాళ్ళెవరూ ఆగి ఆలోచించనిది: ఆయన చెబుతూ ఉంటే కాగితం మీద పెట్టినది తమ్ముడు వెంకటేశ్వర్లు. ఇరవై తొమ్మిది రోజులూ ఒక మనిషి గొంతుదైతే ఇంకొక మనిషి చేతిది. ఆ చెయ్యి ఎంత నొప్పి పెట్టి ఉంటుందో నాకు తరచూ గుర్తొస్తుంది. ఇరవై తొమ్మిది అనే అంకెలో ఆ నొప్పి లేదు, వెనకటి ఇరవై ఏళ్ళూ లేవు.

అమెరికాలో జాన్ స్టైన్‌బెక్ గురించి కూడా అచ్చం ఇలాంటి మాటే ఉంది. 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలని ఆయన 1938లో, మే చివర మొదలుపెట్టి అక్టోబరు చివరకి, అయిదు నెలల్లో రాశారు. అదీ వినగానే నోరు తెరిపించేదే. అయితే 1936లోనే ఒక పత్రిక కోసం కాలిఫోర్నియాలో వలస కూలీల శిబిరాలు తిరిగి వరసగా వ్యాసాలు రాశారు. తరువాత అదే జీవితం మీద ఒక నవల రాసి, అది చెడ్డ పుస్తకమని తేల్చుకుని నాశనం చేశారు. ఆ తరువాతే ఈ అయిదు నెలలు. రాతప్రతిని టైపు చేసినదీ, ఆ పేరు సూచించినదీ భార్య కేరల్. ఆ అయిదు నెలలూ ఆయన రోజువారీగా ఒక డైరీ రాసుకున్నారు. ఆగస్టులో ఒక రోజు అందులో, తాను రచయితను కాననీ, తననీ ఇతరులనీ మోసం చేస్తూ వచ్చాననీ రాసుకున్నారు. అప్పటికి నవల సగం దాటి ఉంది. ఆ నవల 1939లో వచ్చి, మరుసటి ఏడాది పులిట్జర్ తెచ్చుకుంది.

ఇక్కడ ఆగి నా వాదానికి ఎదురుగా ఉన్న సాక్ష్యం కూడా చెప్పడం న్యాయం. పుస్తకం రాయిస్తుంది, పొగడ్త మాన్పిస్తుంది అన్నాను. ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా ఊల్ఫ్ విషయంలో పుస్తకమే మాన్పించింది. 1922 మే నెలలో ఆమె మిత్రుడు రోజర్ ఫ్రైకి రాసిన ఉత్తరంలో, ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్‌ని చదువుతుంటే తనకీ రాయాలన్న కోరిక ఎంత రేగుతోందంటే వాక్యమే కుదరడం లేదనీ, అలా రాయగలిగితే ఎంత బాగుండుననీ మొత్తుకున్నారు. అప్పటికి ఆమెవి రెండు నవలలు అచ్చయి ఉన్నాయి. మూడేళ్ళ తరువాత, 'మిసెస్ డాలవే' విడుదలకి నెల ముందు, అదే ప్రూస్ట్ తన ప్రతి వాక్యం మీదా తనకే విసుగు పుట్టిస్తాడని డైరీలో రాసుకున్నారు. కాబట్టి నా సూత్రం అందరికీ వర్తించదు. బహుశా అంత సూక్ష్మంగా చదవగలిగినవాళ్ళకి పుస్తకమే చాలు, సమీక్ష అక్కరలేదు. నాలాంటివాళ్ళకి గాయపడటానికి కూడా ఎవరో వివరించి చెప్పాలి.

ఈ రెండు కథలూ చెప్పగానే స్నేహితులు ఓదార్పుగా ఒక మాట అంటారు: చూశావా, అంతటి వాళ్ళకే సందేహం కలిగింది, నీకు కలిగితే ఏమైంది? నాకు ఈ ఓదార్పు మీద నమ్మకం లేదు. జ్వరం వచ్చిన ప్రతివాడూ మహాకవి కానట్టే, సందేహం వచ్చిన ప్రతివాడూ రచయిత కాడు. స్టైన్‌బెక్ డైరీ మనకి దొరకడానికి కారణం ఆయన నవల పూర్తి కావడం. పూర్తి కాని నవలల డైరీలు ఎన్ని అటకల మీద చెదలు తిన్నాయో ఎవరికీ తెలియదు. సందేహాన్ని ప్రతిభకి గుర్తింపు కార్డులా జేబులో పెట్టుకుని తిరగడం, దాని వల్ల కుంగిపోవడం కన్నా చెడ్డది. కుంగినవాడు కనీసం ఇతరులకి విసుగు పుట్టించడు.

బీరువా దగ్గరకి మళ్ళీ వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. వెళ్ళేలా చేసినది ఓదార్పు కాదు, మా తెలుగు మాస్టారు ఫోనులో యథాలాపంగా అన్న ఒక మాట. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. ఆదివారం నాటి ప్రశంస చదివి రాత మానేశానని చెబితే నవ్వి, "ఏమోయ్, పూర్వకవి స్తుతి అవతారికలో కవి చేసుకోవాలి గాని, పక్కింటివాడు చేస్తే విని పడుకోవడం ఏ లక్షణగ్రంథంలో చదివావు?" అన్నారు.

హాస్యానికే అన్నా, ఆ మాట నన్ను వదల్లేదు. మన కావ్యాల అవతారికల్లో, అంటే కథకి ముందు వచ్చే పీఠికలో, దేవతా ప్రార్థన తరువాత పూర్వకవి స్తుతి, దాని వెంట కుకవి నింద ఉండటం మామూలు. చదువుకునే రోజుల్లో పరీక్షకి వదిలేయదగిన పద్యాలుగా మేము వాటిని గుర్తుపెట్టుకునేవాళ్ళం. కుకవి నింద మాత్రం సరదాగా ఉండేది, ఇప్పుడు అది చదివితే నా చిరునామా కనిపిస్తోంది. ఆ స్తుతి కేవలం మర్యాద అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అది పని మొదలుపెట్టే పద్ధతిలా ఉంది. పెద్దవాళ్ళని పొగిడేది ఎవరు? రాయబోయేవాడు. ఎప్పుడు? మొదటి పద్యాల్లోనే, కలం చేతిలో ఉండగానే. పొగడ్త ముగిసిన చోటే కథ మొదలవుతుంది.

కాళిదాసు రఘువంశం ఆరంభంలో తన సందేహాన్ని దాచుకోలేదు. కవి కీర్తి కోరే మందబుద్ధిని, పొడుగువాడికి మాత్రమే అందే పండు కోసం చేతులు చాచిన మరుగుజ్జులా నవ్వులపాలవుతాను అంటాడు. తరువాతి శ్లోకంలోనే 'లేదా' అని మొదలుపెట్టి, పూర్వకవులు ఈ వంశానికి మాటల వాకిలి తెరిచిపెట్టారు కాబట్టి, వజ్రం తొలిచిన మణిలోకి దారం వెళ్ళినట్టు నేనూ వెళ్ళగలను అంటాడు. నన్ను పట్టుకున్నది ఆ దారం. మణిని తొలిచే శక్తి దారానికి లేదు, ఉందని అది అనుకోవడమూ లేదు. ఎవరో కష్టపడి తొలిచిన రంధ్రం ఉంది, అందులో నుంచి దూరుతుంది. పండు అందని మరుగుజ్జుకీ, మణిలో దూరే దారానికీ మధ్య ఉన్నది ఒక్క శ్లోకమే దూరం.

మొల్ల ఇంకొంచెం నిక్కచ్చిగా మాట్లాడింది. రాముడి కథ ఇదివరకే గొప్ప కవులు చెప్పారని తెలిసి కూడా మళ్ళీ చెప్పడమెందుకని అడుగుతారేమో అని తానే ప్రశ్న వేసి, చెబితే తప్పేముంది అని తానే ఎదురడిగింది. ఎర్రన సంగతి అందరికన్నా కష్టమైనది. భారతంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు, తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు, మధ్యలో గండి మిగిలింది. ఒక వైపు నన్నయ, ఇంకొక వైపు తిక్కన. ఆ మధ్యలో నిలబడి పద్యం రాయవలసిన మనిషి కన్నా ఎక్కువ భయపడే హక్కు తెలుగులో ఎవరికీ లేదు. ఆయన ఆ గండిని తన పేరు పెట్టుకోకుండా, నన్నయే రాసినట్టుగా, రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూడ్చాడు. శైలి నన్నయలా మొదలై మెల్లగా తిక్కన వైపు నడుస్తుందని పండితులు చెబుతారు. కాలువ గట్ల మీద పెరిగినవాణ్ణి కాబట్టి గండి పూడ్చడం అంటే ఏమిటో నాకు తెలుసు. రెండు వైపులా ఉన్న పాత గట్టు మట్టి ఎలాంటిదో చేత్తో నలిపి చూడనివాడు పూడ్చలేడు.

ఇరవై తొమ్మిది రోజులతో నన్ను భయపెట్టిన విశ్వనాథ కూడా ఈ వరసలోనివారే. రామాయణ కల్పవృక్షం మొదట్లో మళ్ళీ రామాయణం ఎందుకని తనని తానే ప్రశ్నించుకుని, ప్రపంచమంతా రోజూ తింటున్న అన్నమే కదా తింటోంది, ఎవరి రుచి వారిది కాబట్టి అని జవాబు చెప్పుకున్నారు.

అందుకని నేను కూడా ఒక పూర్వకవి స్తుతి రాయాలనుకున్నాను, పద్యంలో కాదు. ఆ పెద్ద రచయిత నవల మళ్ళీ తీసి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని, 'అలవోకగా', 'మట్టివాసన', 'అద్భుతం' అనే మాటలు వాడకూడదని నియమం పెట్టుకుని, ఆయన ఏం చేశారో రాయడం మొదలుపెట్టాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన పాత్రలు కోపం వచ్చినప్పుడు కోపం గురించి మాట్లాడవు; చేతిలో ఉన్న పనిని తప్పు చేస్తాయి. కూతురి పెళ్ళి చెడిపోయిన రాత్రి ఆ తండ్రి కొట్టంలో గేదెని కట్టేస్తూ, నలభై ఏళ్ళుగా వేస్తున్న ముడిని మూడుసార్లు తప్పు వేస్తాడు. అంతే, అధ్యాయం అయిపోతుంది. నవల మొత్తంలో ఈ పని నాలుగు చోట్ల చేశారు. నాలుగోసారి అంత బాగా కుదరలేదు. ఇలా ఏడు పేజీల స్తుతి తయారైంది. పత్రికలో వచ్చిన అర పేజీ కన్నా ఇందులో గౌరవం ఎక్కువే ఉందని నా నమ్మకం, అందులో ఆ నాలుగోసారి ప్రస్తావన ఉన్నప్పటికీ.

ఆ తరువాత నా తొమ్మిదో అధ్యాయం తెరిచాను. ఏడాదిన్నరగా అది ఎందుకు కదలడం లేదో పది నిమిషాల్లో కనిపించింది. మా లస్కరూ, సరంగూ పదకొండు పేజీల పాటు గొడవపడుతున్నారు గాని, ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. కాలువల గురించి నేను గ్రంథాలయంలో సేకరించిన సమాచారాన్ని వంతులవారీగా చదువుతున్నారు. ఆనకట్ట ఎప్పుడు కట్టారో సరంగు లస్కరుకి చెబుతున్నాడు. లస్కరుకి తెలియదా? లారీలు వచ్చి పడవల్ని ఎలా దెబ్బతీశాయో లస్కరు సరంగుకి వివరిస్తున్నాడు, దెబ్బ తిన్నవాడికే! నేను రచయితనా కాదా అన్న సందేహం అంత పెద్దదిగా ఉన్నన్నాళ్ళూ ఈ చిన్న సంగతి దాని నీడలో పడి కనిపించలేదు. ఆ పెద్ద సందేహం ఇప్పుడు తీరిందని చెప్పను. అది రాత్రి పదిన్నరకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటూనే ఉంది. దానితో పాటు పదకొండు పేజీలు కొట్టేయాలన్న పని కూడా ఉండటంతో దానికి జవాబు చెప్పే తీరిక తగ్గింది.

కొత్త తొమ్మిదో అధ్యాయం మూడు పేజీలు. సరంగు వచ్చి పడవ అమ్మేశానని చెబుతాడు. లస్కరు ఏమీ అనడు. గేజి రాయి దగ్గరకి వెళ్ళి నీటిమట్టం చూసి వచ్చి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి పుస్తకంలో తప్పు అంకె వేస్తాడు. ముడి తప్పు వేసిన ఆ తండ్రి లేకపోతే అంకె తప్పు వేసిన ఈ లస్కరు లేడని నాకు తెలుసు; దీన్ని దారం అనాలో దొంగతనం అనాలో మాత్రం రెండు రోజులు ఆలోచించినా తేలలేదు. ఆ మూడు పేజీలూ మాస్టారికి పంపి అదే ప్రశ్న అడిగాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు. "గేజి మీద ఎంతుంది, పుస్తకంలో ఎంత వేశాడు? తప్పు అంకె వేశాడని రాశావు గాని అంకె వెయ్యలేదేమిటోయ్?" అన్నారు.

నిజమే, వెయ్యలేదు. ఆ రోజుల్లో మట్టం ఎంత ఉండేదో నాకు తెలియదు. తాతయ్య రాసుకున్న పాత పుస్తకాలు ఊళ్ళో అటక మీద ఇత్తడి గంగాళం పక్కన ఉండాలని మా పెద్దమ్మ అంటోంది. శనివారం పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను.